మీ హీరోని కాదు, మీ ఊరి ఆపరేటర్ని అడగండి

ప్రశ్న: అన్నా, మేం నలుగురం ఫ్రెండ్స్ కలిసి మా హీరో మీద ఒక న్యూస్ సైట్ నడుపుతున్నాం. నేను తాడేపల్లిగూడెంలో ఉంటాను, ఒకడు హైదరాబాద్, ఒకడు బెంగళూరు, ఇంకొకడు డల్లాస్. మూడేళ్ళయింది. షూటింగ్ అప్‌డేట్లు, రిలీజ్ డేట్లు, కలెక్షన్లు, రీ-రిలీజ్ కబుర్లు పెడుతుంటాం. ఇంటర్వ్యూలు కూడా మొదలుపెడదామని నేనంటే ఇద్దరు వద్దంటున్నారు, మనం జర్నలిస్టులం కాదు కదా, మనకెందుకు అని. మూడోవాడు చేస్తే హీరోనో డైరెక్టర్నో చేయాలి, లేకపోతే ఎవడు చదువుతాడు అంటాడు. ఈలోగా ఒక పీఆర్ఓ గారు చిన్న ఆర్టిస్టు ఇంటర్వ్యూ ఇప్పిస్తానన్నారు, కాకపోతే ప్రశ్నలు ముందే పంపాలట, రాసింది ఆయన చూసి సరేనన్నాకే పెట్టాలట. ఏం చేయమంటారు?
– ఓ అభిమాని, తాడేపల్లిగూడెం

జవాబు: తమ్ముడూ, చెయ్యండి. ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ హీరో ఇంటర్వ్యూ అన్న మీ మూడోవాడి కోరిక మాత్రం ఓ రెండేళ్ళు అటక మీద పెట్టండి. దొరకదని కాదు, ఏమో, రోజు బాగుంటే దొరకొచ్చు కూడా. దొరికినా అందులో ఏమీ ఉండదు, అదీ నా బాధ.

రిలీజ్‌కి ముందు ఇంటర్వ్యూలు ఎలా జరుగుతాయో తెలుసు కదా. హోటల్లోనో ప్రొడ్యూసర్ ఆఫీసులోనో ఒక గది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా బ్యాచ్‌ల వారీగా పిలుస్తుంటారు, ఒక్కొక్కళ్ళకి పావుగంట, పక్కనే పీఆర్ఓ వాచీ చూసుకుంటూ నిలబడి ఉంటాడు. అందరూ అడిగేవి అవే. కథ వినగానే ఏమనిపించింది, ఈ పాత్ర కోసం ఎలా ప్రిపేర్ అయ్యారు, సెట్లో సరదా సంఘటన ఏదైనా చెప్పండి. ఆ సరదా సంఘటన ఆయన అప్పటికే పన్నెండుసార్లు చెప్పి ఉంటాడు, పాపం పదమూడోసారి చెప్పేటప్పుడు ఆయనకే నవ్వు రాదు. మీకు దక్కేది ఆ పదమూడోది. ఆయన పక్కన మీవాడు పళ్ళికిలించి దిగిన సెల్ఫీకి లైకులు వస్తాయి, వారం తిరిగేసరికి ఆయన ఏం చెప్పాడో మీకే గుర్తుండదు.

ఇక జర్నలిస్టులం కాదన్న ఇద్దరి సంగతి. కాకపోతే ఏం? సినిమా రిపోర్టర్‌కి అదే రోజు రెండు ప్రెస్‌మీట్లు, ఒక ట్రైలర్ లాంచ్, రాత్రికి రివ్యూ ఉంటాయి. నలభైసార్లు ఒకే సీను చూసే తీరిక అతనికెక్కడిది? మీకుంది. మీ హీరో ఏ పాటలో రెండో చరణానికి చొక్కా రంగు మారిందో మీకు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఆ చొక్కా ఎందుకు మారిందని కాస్ట్యూమర్ని పట్టుకుని అడగాలన్న ఆలోచన మీకు తప్ప ఇంకెవరికి వస్తుంది? వి.ఎ.కె. రంగారావు గారినే చూడు. పాటల మీద పిచ్చితో వేలకు వేల గ్రామఫోన్ రికార్డులు పోగుచేసిన మనిషి ఆయన, ఆ పిచ్చితోనే విజయచిత్ర సినిమా పత్రికలో పాత పాటల గురించి రాశారు, ఇవాళ పాత తెలుగు పాట మీద సందేహం వస్తే ఆయన రాసింది వెతుక్కుంటున్నాం. అభిమానం అర్హత కాదని ఎవరన్నారు?

అయితే అభిమానంలో ఒక తేలుకొండి కూడా ఉంటుంది, అది నిన్నే కుట్టొచ్చు. అమెరికాలో ఎమర్సన్ స్పార్ట్జ్ అనే కుర్రాడు పన్నెండేళ్ళ వయసులో, 1999లో, హ్యారీ పోటర్ అభిమానుల కోసం మగుల్‌నెట్ అనే సైట్ మొదలుపెట్టాడు. 2005 జులై 16న ఆరో పుస్తకం విడుదలైన రోజే రచయిత్రి రౌలింగ్ అతన్నీ, లీకీ కాల్డ్రన్ అనే ఇంకో అభిమానుల సైట్ తరఫున మెలిస్సా అనెల్లినీ ఎడిన్‌బరోకి పిలిపించుకుని తీరిగ్గా ఇంటర్వ్యూ ఇచ్చింది. పెద్ద పెద్ద పేపర్లవాళ్ళు అడగని ప్రశ్నలు అడిగారు వాళ్ళిద్దరూ, ఎందుకంటే పుస్తకాల్లో ఏ పేజీలో ఏముందో వాళ్ళకి కంఠతా వచ్చు. అంతా బాగానే ఉంది. మధ్యలో ఎక్కడో, హ్యారీకీ హెర్మయినీకీ జోడీ కుదురుతుందని ఇంకా నమ్మేవాళ్ళు భ్రమలో ఉన్నారన్నట్టు ఈ కుర్రాడు ఒక మాట విసిరాడు. రౌలింగ్ ఆ మాట నేను వాడనని, వాళ్ళూ నా పాఠకులేనని సర్దింది కూడా. అయినా లాభం లేకపోయింది, ఆ వర్గం అభిమానులు భగ్గుమన్నారు, ఇప్పటికీ ఆ ఇంటర్వ్యూ అనగానే అంత మంచి ప్రశ్నలన్నీ పక్కకుపోయి ఆ ఒక్క మాటే గుర్తుచేసుకుంటారు. తన జట్టు గొడవని తీసుకెళ్ళి ప్రశ్నల మధ్యలో పెట్టాడు, అంతే జరిగింది.

మన దగ్గర ఫ్యాన్ వార్స్ ఎలా ఉంటాయో నేను నీకు చెప్పాలా. మీ ఇంటర్వ్యూలో పక్క హీరో పేరు మీ నోటినుంచి రాకూడదు. ఎదుటి మనిషి తనంతట తాను చెప్తే వేరు, ఆయన ఇద్దరితోనూ పనిచేసి ఉంటాడు కదా, అది రాయండి. కానీ "వాళ్ళకంటే మనవాడే టైముకి వచ్చేవాడు కదండీ" అని మీరు అందిస్తే, ఆయన మొహమాటానికి తలూపితే, మర్నాడు ఆ తలూపుడే స్క్రీన్‌షాట్ అయి తిరుగుతుంది. మీకు సరదా, ఆయనకి రేపట్నుంచి పని పోతుంది.

ఇప్పుడు అసలు విషయం, ఎవరిని అడగాలి. నువ్వున్న ఊరినుంచే మొదలుపెట్టు. గూడెంలో పాత థియేటర్లలో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేసి రిటైరైన మనిషి ఒక్కరైనా ఉండకుండా ఉండరు, టీ కొట్టు దగ్గర అడిగితే ఇల్లు చూపిస్తారు. రీళ్ళ కాలం గురించి ఆ మనిషికి తెలిసింది మీ హీరోకి కూడా తెలియదు. కార్బన్ కడ్డీలు రెండూ ఎదురెదురుగా పెట్టి మంట పుట్టించి, అవి కాలిపోతుంటే మధ్య దూరం సర్దుకుంటూ కూర్చోవాలి, లేదంటే తెర మీద వెలుగు తగ్గిపోయి కిందనుంచి ఈలలు మొదలవుతాయి. తెర కుడివైపు పైమూల ఒక చిన్న చుక్క మెరుస్తుంది, ప్రేక్షకుడు పట్టించుకోడు, అది కనపడగానే ఆపరేటర్ రెండో ప్రొజెక్టర్‌కి సిద్ధమవ్వాలి. రీలు తెగితే అతికించాలి. ఒకే ప్రింటు రెండు హాళ్ళలో ఆడుతుంటే ఇక్కడ అయిన రీలుని సైకిల్ మీద అక్కడికి పంపించాలి, సైకిల్‌వాడి టైరు పంక్చరైతే సినిమా ఆగిపోవడమే. మీ హీరో సినిమా మొదటి రోజు బెనిఫిట్ షోలో ఎన్నో పాటకి మళ్ళీ వెయ్యమని గోల చేశారు, ఈయన రీలు వెనక్కి తిప్పి వేశాడా లేదా, ఓనర్ ఏమన్నాడు? ఇవి అడిగే మనిషి ఇప్పటిదాకా ఆయన గడప తొక్కి ఉండడు. 2010 దాటిన నాలుగైదేళ్ళలో డిజిటల్ వచ్చి రీళ్ళు మాయమయ్యాయి, ఆ పని తెలిసినవాళ్ళు ఇప్పుడు అరవై, డెబ్భై దాటినవాళ్ళు. హీరో ఇంటర్వ్యూ వచ్చే ఏడాది కూడా చేసుకోవచ్చు, వీళ్ళ విషయంలో నేనా హామీ ఇవ్వలేను.

ఆయన తర్వాత డిస్ట్రిబ్యూటర్ తరఫున థియేటర్లో కూర్చునే రిప్రజెంటేటివ్ ఉంటాడు. మీరు కలెక్షన్ల మీద కొట్టుకు చస్తుంటారు కదా, గ్రాస్ ఇంత, షేర్ ఇంత అని. ఆ అంకెలన్నీ పుట్టేది డీసీఆర్ అనే రోజువారీ కాగితంలో. క్లాసువారీగా ఎన్ని టిక్కెట్లు తెగాయి, ఎంత ట్యాక్సు, ఎంత మిగిలింది అని రాసి సంతకాలు పెట్టే కాగితం. దాన్ని ఎలా నింపేవాళ్ళో, ఎక్కడ ఒక సున్నా అటూఇటూ అయ్యేదో ఆ మనిషిని కూర్చోబెట్టి అడగండి. అది చదివాక మీ కలెక్షన్ల వార్తలు మీరే కాస్త జాగ్రత్తగా రాస్తారేమో (ఇది నా స్వార్థం, ఒప్పుకుంటున్నా, ఆ పోస్టర్ల మీది అంకెలు చూసి చూసి నాకు విసుగు పుట్టింది).

రిక్షాలో మైకు పెట్టుకుని "నేడే చూడండి" అంటూ కరపత్రాలు పంచుకుంటూ వీధివీధి తిరిగిన గొంతు ఎవరిదో కనుక్కోండి. కటౌట్లు గీసిన పెయింటర్, ఫ్లెక్సీలు వచ్చాక ఏం పనిలోకి దిగాడో. ఇక మీ హీరో పాతకాలపు అభిమాన సంఘం అధ్యక్షుడు, ఆయన్ని అస్సలు వదలొద్దు. లెటర్‌హెడ్డు, రబ్బరు స్టాంపు, వందరోజుల షీల్డు, హీరోగారు సంతకం చేసి పంపిన ఫోటో అన్నీ బీరువాలో బట్టల కింద దాచుకుని ఉంటాడు. కటౌట్‌కి డబ్బు ఎక్కడిదో అడుగు, ఇంట్లో వాళ్ళు ఏమన్నారో అడుగు, వీలైతే ఆయన భార్యని విడిగా అడుగు, అసలు కథ అక్కడ ఉంటుంది.

డల్లాస్‌లో ఉన్నవాడు ఊరికే ప్రీమియర్ల ట్వీట్లు వేస్తూ కూర్చున్నాడు కదా, వాడికీ పని చెప్పు. ఇప్పుడంటే అక్కడ మల్టీప్లెక్సుల్లో వరసగా షోలు పడుతున్నాయి గానీ, ఒకప్పుడు తెలుగు సినిమా చూడాలంటే ఎవరో నలుగురు పూనుకుని వారాంతంలో ఒక హాలు అద్దెకి తీసుకుని ఒకటో రెండో షోలు వేయాల్సి వచ్చేది. ఆ పూనుకున్నవాళ్ళు చాలామంది అక్కడే రిటైరై ఉన్నారు. రీళ్ళ డబ్బా ఎలా వచ్చింది, నష్టం వస్తే ఎవరు భరించారు, సమోసాలు ఎవరు చేశారు, ఫోన్ చేసి అడగమను. హైదరాబాద్‌వాడికి కృష్ణానగర్, చిత్రపురి కాలనీ ఉన్నాయి. ఫైటర్లు, డూపులు, జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, డబ్బింగ్ ఆర్టిస్టులు అందరూ దొరుకుతారు. మీ హీరో పక్కన నటించిన హీరోయిన్లలో సగంమందికి తెలుగు గొంతు ఇచ్చిన మనిషి పేరు మీ సైట్లో ఒక్కసారైనా వచ్చిందా? వెతికి చూసుకోండి, రాకపోయి ఉంటే ఆవిడతోనే మొదటి ఇంటర్వ్యూ చెయ్యండి, ఆపరేటర్ గారిని రెండోది చేసుకుందాం.

ఎలా అడగాలో కూడా ఒక ముక్క చెప్తాను, నా తలబొప్పి కట్టించుకుని నేర్చుకున్నది. చాలా ఏళ్ళ కిందట చెన్నైలో ఒక పెద్దాయన్ని కలవడానికి వెళ్ళాను, సినిమా పాటల రికార్డింగుల్లో ముప్పై ఏళ్ళు వయొలిన్ వాయించినాయన. నేను పెద్ద సంగీత దర్శకుల పేర్లు రాసుకెళ్ళి, ఒక్కొక్కరి పేరూ చెప్పి "ఆయనతో మీ అనుభవం?" అని అడిగాను. "చాలా మంచివారండీ." "మరి ఆయన?" "ఆయనా చాలా మంచివారే." గంటంబావు ఇదే. నా పుస్తకంలో పదకొండు పేర్లు, పదకొండు మంచివారు. లేవబోతూ, ఊరికే, మరి మధ్యాహ్నం భోజనం ఎక్కడ చేసేవారండీ అన్నాను. అంతే, ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు. అప్పట్లో అందరూ ఒకే హాల్లో కూర్చుని ఒకేసారి వాయించాలి, పాట చివర్లో ఒక్కడు తడబడినా మళ్ళీ మొదటినుంచి ఎత్తుకోవాల్సిందే, అలా భోజనాల వేళ దాటిపోయిన రోజు ఎవరి తప్పు వల్ల ఎవరు ఆకలితో మాడారో, ఆ తప్పు చేసినవాణ్ణి క్యాంటీన్లో ఎలా ఆడుకున్నారో, ఏ సంగీత దర్శకుడు జేబులో డబ్బు తీసి టిఫిన్లు తెప్పించాడో, ఎవరు తెప్పించలేదో, మొత్తం చెప్పాడు. మంచివాళ్ళంతా మనుషులైపోయారు. నా ఫోన్లో అప్పటికే చార్జింగ్ అయిపోయింది, సగం రికార్డే కాలేదు, ఆ సగం ఇప్పుడు నా జ్ఞాపకంలో కూడా సరిగ్గా లేదు. ఆయన పోయాడు. అందుకని పవర్ బ్యాంక్ ఒకటి, రెండో ఫోన్ ఒకటి, నేను చెప్పానని తీసుకెళ్ళు.

ఎలా అనిపించింది అని అడగకు, ఏం జరిగింది అని అడుగు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎన్ని గంటలకి, వర్షం పడిందా, డబ్బు చేతికి ఎప్పుడొచ్చింది. మీరు సీను ఫోన్లో పెట్టి చూపించండి, పాజ్ చేసి "ఇందులో మీరెక్కడున్నారు" అనండి. జూనియర్ ఆర్టిస్టుకి ఆ ఒక్క ప్రశ్న చాలు. ఆ తర్వాత మీరు మాట్లాడక్కర్లేదు, మాట్లాడకూడదు కూడా. మన కుర్రాళ్ళ ఇంటర్వ్యూల్లో ప్రశ్న జవాబు కంటే పొడుగ్గా ఉంటోంది ఈమధ్య.

ఇంకోటి, చెప్పిందల్లా నమ్మి పెట్టేయొద్దు. ఎవరూ కావాలని అబద్ధం చెప్పరు, కానీ జ్ఞాపకం జ్ఞాపకమే. మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని ఎన్ని దశాబ్దాలు రాసుకున్నాం, ఆ రోజున ఉత్సవాలు కూడా చేసుకున్నాం. సినిమా జర్నలిస్టు రెంటాల జయదేవ గారు కూర్చుని పాత కాగితాలన్నీ తిరగేస్తే సెన్సార్ అయిందే 1932 జనవరి 22న, బొంబాయిలో విడుదలైంది ఫిబ్రవరి 6న అని తేలింది. ఒక పరిశ్రమ మొత్తం తన పుట్టినరోజుని తప్పు చెప్పుకుందంటే, నీ ఆపరేటర్ గారు ఏ సినిమా ఏ ఏడాది అన్నది తారుమారు చేయడంలో వింతేముంది. పాటల పుస్తకాలు, పాత పేపర్లలో సినిమా ప్రకటనలు చూసుకో, ప్రెస్ అకాడమీవాళ్ళు పాత పత్రికలు చాలా స్కాన్ చేయించారు కూడా. తేడా కనపడితే ఆయన మాట మార్చకు, ఆయన చెప్పింది ఆయన చెప్పినట్టే ఉంచి, కింద మీ తరఫున ఒక లైను రాయి, ప్రకటన ప్రకారం తేదీ ఇదీ అని.

పీఆర్ఓ గారి సంగతికి వద్దాం. ప్రశ్నలు ముందే పంపమంటే, విషయాలు పంపండి, ప్రశ్నలు పంపొద్దు. ఈ సినిమా, మీ గత సినిమాలు, డాన్సు నేర్చుకున్న రోజులు, అలా నాలుగు ముక్కలు. దానికి చాలామంది ఒప్పుకుంటారు, ఆయన భయమల్లా పెళ్ళి గురించో, పాత వివాదం గురించో అడుగుతారని. రాసింది నేను చూసి ఓకే చేయాలంటే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి. ఇప్పుడు ఒప్పుకుంటే అది ఇంటర్వ్యూ అవదు, జీతం లేని పబ్లిసిటీ డిపార్ట్‌మెంట్ ఉద్యోగం అవుతుంది. ఆయనకి కోపం వస్తుందా, రానీ, మీ సైట్‌లో ఆయన సినిమా అప్‌డేట్లు ఎలాగూ పెడుతూనే ఉంటారు కదా, ఆయనకి మీ అవసరం ఎంతుందో మీకు తెలియదు గానీ ఆయనకి బాగా తెలుసు.

కానీ ఇదే మాట లైట్‌మ్యాన్ అడిగితే? "బాబూ, వేసే ముందు నాకోసారి చదివి వినిపించు" అంటే? తప్పకుండా వినిపించు. ఆ లైను తీసెయ్ అంటే తీసెయ్. రెండు నాల్కల ధోరణి అంటావేమో, అవును, రెండు రకాల మనుషులకి రెండు పద్ధతులు. పేరున్న ఆర్టిస్టుకి చుట్టూ మేనేజరు, పీఆర్ఓ, లాయరు ఉంటారు. ఈయనకి రేపు పొద్దున్న యూనియన్ వాళ్ళు పిలుస్తారా లేదా అన్నదొక్కటే. ఫలానా ప్రొడ్యూసర్ బాకీ ఎగ్గొట్టాడని ఉద్రేకంలో అనేసి రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోకుండా కూర్చునే మనిషి ఆయన. నీకు రెండు రోజుల వ్యూస్ పోతే పోనీ.

ఎవర్ని చేయకూడదో ఎక్కువ చెప్పను. మీ హీరో ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలుసు అని తిరిగేవాళ్ళని, ఎవరు విడాకులు తీసుకుంటారో జాతకం చెప్పేవాళ్ళని వదిలెయ్యండి. ఎవరైనా పోతే ఆ వారంలో వాళ్ళింటికి మైకు పట్టుకెళ్ళొద్దు, ఆర్నెల్ల తర్వాత వెళ్ళండి, అప్పటికి అక్కడికి వెళ్ళేవాళ్ళు ఎలాగూ మీరొక్కరే ఉంటారు. "బాధ ఎలా ఉందమ్మా" అని అడిగే ప్రశ్నని మీ నలుగురూ చేతిలో చెయ్యేసి నిషేధించుకోండి.

చివరిగా మీ మూడోవాడి ప్రశ్న, ఎవడు చదువుతాడు అని. మొదటిది పెట్టినప్పుడు పెద్దగా ఎవరూ చదవరు, నిజమే చెప్తున్నా. కానీ మీరు రీ-రిలీజ్ కబుర్లు పెడతామన్నావు కదా, 2022 ఆగస్టులో పోకిరి స్పెషల్ షోలు పడ్డప్పటినుంచి ఈ సందడి ఆగలేదు, ఏదో ఒక హీరో పుట్టినరోజు వస్తుంది, ఏదో ఒక పాత సినిమా 4కేలో దిగుతుంది. మీ హీరోదీ వస్తుంది. ఆ వారం అందరి దగ్గరా అవే పోస్టర్లు, అదే ట్రైలర్ ఉంటాయి. మీ దగ్గర మాత్రం ఆ సినిమా మొదటి రోజు గూడెంలో రీలు తిప్పినాయన ఉంటాడు, ఆ ఫైట్లో అద్దం పగలగొట్టుకుంటూ దూకిన డూపు ఉంటాడు. అందుకని రాబోయే ఏడాదిలో ఏవేవి మళ్ళీ రావచ్చో మీరే ఒక లిస్టు వేసుకుని, ఒక్కోదానికి ఇద్దరేసి మనుషుల్ని ఇప్పటినుంచే వెతకండి. నెలకి ఒకటి చాలు. వీడియో పెట్టినా పూర్తిగా రాసి కూడా పెట్టండి, ఆ టైపింగ్ పని నరకం, బెంగళూరులో ఉన్నవాడికి ఇప్పటిదాకా నేనేమీ అప్పజెప్పలేదు కాబట్టి అది అతనికిద్దాం.

ఈ ఆదివారం మాట్నీ వేళకి ఆపరేటర్ గారింటికి వెళ్ళు, భోజనం అయి ఖాళీగా ఉంటారు. పళ్ళు ఏవైనా పట్టుకెళ్ళు. కార్బన్ మంట వైపు చూసీ చూసీ కళ్ళకేమైనా అయిందా అన్నది మర్చిపోకుండా అడుగు. నేను ఒకాయన్ని అడుగుదామనుకుని అడగలేకపోయాను.